ద బ్యాట్‌మ్యాన్ రెండో భాగం: విలన్‌గా ఎవరు రావాలి? పేరు ఒక్కటే కాదు, కారణం కూడా రాయండి

గోతం గల్లీ

ద బ్యాట్‌మ్యాన్ రెండో భాగానికి ఇప్పుడు ప్రకటించిన తేదీ 2027 అక్టోబర్ 1. మొదట 2025 అన్నారు, తర్వాత 2026కి జరిపారు, చివరికి ఇక్కడికొచ్చింది. డైరెక్టర్ మ్యాట్ రీవ్స్, మ్యాట్సన్ టామ్లిన్ కలిసి రాసిన స్క్రిప్ట్ 2025 జూన్‌లో పూర్తయింది. విలన్ విషయంలో రీవ్స్ ఇచ్చిన హింట్ ఒకటుంది. ఇంతవరకు ఏ సినిమాలోనూ సరిగ్గా రాని పాత్ర అట.

ఎవరు నటిస్తున్నారన్న పుకార్లు ఈ త్రెడ్‌లో వద్దు. ఏ విలన్ ఎందుకు సరిపోతాడు, ఎక్కడ బెడిసికొడతాడు, అది రాయండి. స్పాయిలర్లు ఉంటాయి, మొదటి భాగమూ పెంగ్విన్ సిరీస్ 8 ఎపిసోడ్లూ చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

కథ ఎక్కడ ఆగిందో ఒకసారి గుర్తు చేస్తాను. రిడ్లర్ 7 వ్యాన్లతో సముద్రపు గోడ పేల్చేశాడు, ఊరు మునిగింది. మాఫియా పెద్ద ఫాల్కోన్ చచ్చాడు. సిరీస్ ముగిసేసరికి ఆజ్, అంటే పెంగ్విన్, నేరసామ్రాజ్యం మొత్తం చేతిలో పెట్టుకున్నాడు, ఫాల్కోన్ కూతురు సోఫియా మళ్లీ ఆర్కమ్ పిచ్చాసుపత్రిలో పడింది, సెలీనా (క్యాట్‌వుమన్) దగ్గర్నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. రిడ్లర్ పక్క సెల్‌లో జోకర్ ఉన్నాడు. బ్రూస్ వేన్, అంటే బ్యాట్‌మ్యాన్, తల్లిదండ్రుల్ని చంపిందెవరో మాత్రం తేలలేదు. ఫాల్కోన్ ఒక మాట చెప్పాడు, బ్రూస్‌ను పెంచిన ఆల్‌ఫ్రెడ్ ఇంకో మాట చెప్పాడు, భయపడిపోయిన ఎవడో చిల్లర దొంగ కూడా కావచ్చన్నాడు.

నా ప్రశ్నలు మూడు. మెయిన్ విలన్ ఎవరు? ఎంతమంది ఉండొచ్చు? మునిగిన ఊరితో వాళ్లకు సంబంధం ఏమిటి? నా మనసు గోతంను చాటునుంచి నడిపే కోర్ట్ ఆఫ్ ఔల్స్ అనే ముఠా వైపు లాగుతోంది గానీ, చచ్చి లేచే వాళ్ల హంతకులు టాలన్లను రీవ్స్ గోతంలో ఎలా పెడతారో అర్థం కావట్లేదు.

ఆబిడ్స్ ఆదివారం

నా ఓటు హష్‌కి. విత్తనం మొదటి సినిమాలోనే వేసేశారు కాబట్టి.

రిడ్లర్ వీడియోలో ఎడ్వర్డ్ ఎలియట్ అనే రిపోర్టర్ పేరు వస్తుంది, గుర్తుందా? బ్రూస్ తల్లి మార్తా వేన్ పుట్టింటివాళ్లు ఆర్కమ్‌లు. ఆ కుటుంబంలోని మానసిక రోగాల చరిత్రను అతను తవ్వుతుంటే, మేయర్ ఎన్నికల్లో ఉన్న బ్రూస్ తండ్రి థామస్ వేన్ అతన్ని భయపెట్టమని ఫాల్కోన్‌ను అడిగాడు. ఫాల్కోన్ ఏకంగా చంపించాడు. ఆ వీడియోలోనే హష్ అన్న మాట తెర మీద పెద్దగా పడుతుంది. కామిక్స్‌లో హష్ అసలు పేరు థామస్ ఎలియట్. ఇంటిపేరు, ఆ మాట, రెండూ ఒకే సీన్‌లో కాకతాళీయంగా పడవు.

కామిక్స్ చదవనివాళ్ల కోసం. జెఫ్ లోబ్ రాసి, జిమ్ లీ బొమ్మలు వేసిన ఈ కథ బ్యాట్‌మ్యాన్ 608 నుంచి 619 దాకా, 2002-03లో వచ్చింది. టామీ ఎలియట్ బ్రూస్ చిన్ననాటి నేస్తం. ఆస్తి కోసం సొంత అమ్మానాన్నల కారు బ్రేకులు కోసేస్తాడు. తండ్రి పోతాడు, తల్లిని మాత్రం డాక్టర్ థామస్ వేన్ ఆపరేషన్ చేసి బతికిస్తాడు. తన ప్లాన్ చెడగొట్టారని వేన్‌ల మీద పగ. బ్రూస్‌కు అమ్మానాన్నలు పోయి ఆస్తి చేతికొస్తే వాడి మీద అసూయ. ఏళ్ల తరబడి ఆ విషం లోపల దాచుకుని పేరున్న సర్జన్ అవుతాడు.

సినిమాకు బంగారం లాంటి సీన్ ఒకటి అందులో ఉంది. బ్యాట్‌మ్యాన్ గాల్లో ఊగుతుండగా తాడు తెగి, కిందపడి పుర్రె పగులుతుంది. ఆల్‌ఫ్రెడ్ కారు యాక్సిడెంట్ అని కట్టుకథ అల్లి, డాక్టర్ ఎలియట్‌నే పిలిపిస్తాడు. విలన్ చేతి కిందే హీరో తల తెరిచి ఉంటుంది, వాడు కాపాడతాడు కూడా.

దీన్ని రీవ్స్ గోతంలోకి తెచ్చి చూడండి. మొదటి భాగంలో బ్రూస్ ఒంటి మీద ఏమేం పడ్డాయి? పోలీస్ హెడ్‌క్వార్టర్స్ పైనుంచి వింగ్‌సూట్‌తో దూకి, పారాచూట్ వంతెనకు చిక్కుకుని బస్సుకు కొట్టుకున్నాడు. గోతం స్క్వేర్ గార్డెన్‌లో దగ్గర్నుంచి షాట్‌గన్ దెబ్బ తిన్నాడు. ఒక్క ఎక్స్‌రే తీస్తే చాలు. పక్కటెముకల్లో ఒకటి కొత్తగా విరిగింది, ఇంకొకటి అతుక్కుంటూ గట్టిపడుతోంది, మరొకటి ఎప్పుడో మానింది. ఒకే కారు యాక్సిడెంట్‌లో మూడు వేర్వేరు వయసుల ఫ్రాక్చర్లు రావు. అది ఏ ఎముకల డాక్టరైనా ఐదు నిమిషాల్లో పట్టేస్తాడు. పైగా బ్రూస్ కంట్లో వీడియో రికార్డ్ చేసే కాంటాక్ట్ లెన్స్ ఉంటుంది. స్పృహ లేని రోగి కనుపాపలు చూడటానికి టార్చ్ వేసిన సర్జన్‌కు ఆ లెన్స్ దొరికిందనుకోండి. బ్యాట్‌మ్యాన్ ఎవరో వాడికి తెలిసిపోవడానికి డైలాగ్ ఒక్కటి కూడా అక్కర్లేదు.

స్క్రీన్‌ప్లే డెస్క్

ఆబిడ్స్ ఆదివారం గారు, ఆ లెన్స్ ఆలోచన చాలా బాగుంది. కానీ హష్‌ను ఎడ్వర్డ్ ఎలియట్ కొడుకుగా తీసుకొస్తే పెద్ద చిక్కు వస్తుంది, దాన్ని మీరు దాటేశారు.

మొదటి భాగంలో రిడ్లర్ ఎవరు? అనాథ. వేన్‌ల డబ్బు, ఊరి బాగుకోసం వేన్‌లు పెట్టిన రెన్యూవల్ ఫండ్ తనను మోసం చేశాయని రగిలిపోయే మనిషి. థామస్ వేన్ పాపానికి కొడుకును బాధ్యుణ్ణి చేశాడు. ఇప్పుడు ఎలియట్ కొడుకు వచ్చి, "మీ నాన్న వల్ల మా నాన్న పోయాడు" అంటే అది అదే సినిమా, ముసుగు మారింది, అంతే. ప్రేక్షకుడు అరగంటలో పసిగట్టేస్తాడు. కామిక్స్‌లో ఆ పగ తలకిందులుగా ఉండటమే దాని బలం. వేన్ కుటుంబం మంచి చేసింది కాబట్టి వాడికి కోపం. సినిమాలో నాటిన విత్తనం ఆ బలాన్నే తీసేస్తోంది.

రెండో చిక్కు మిస్టరీది. హష్ కామిక్ నెలనెలా చదివినవాళ్లకు కూడా ముసుగులో ఎవరున్నారో ఊహించడం కష్టం కాలేదు. అరవై ఏళ్లకు పైగా ఎప్పుడూ వినని చిన్ననాటి స్నేహితుడు కథ మొదట్లోనే ఊడిపడితే ఎవరికైనా అనుమానం అతని మీదే కదా. 2019లో వచ్చిన యానిమేషన్ వెర్షన్‌లో ముసుగు కింద మనిషినే మార్చేసి రిడ్లర్‌ను పెట్టారు. తెలిసిన జవాబుతో మిస్టరీ నడపడం అంత కష్టం.

మిస్టరీ ఎలా కట్టాలో రీవ్స్‌కు తెలుసు, అందుకే ఈ విషయంలో నేను పట్టుబడుతున్నాను. మొదటి హత్యలో మేయర్ తలమీద కొట్టిన ఇనుప పనిముట్టు గుర్తు తెచ్చుకోండి. సినిమా మొదటి నిమిషాల్లోనే అది మన కళ్లముందుంది. రిడ్లర్ అరెస్టయ్యాక, అతని ఇంట్లో కాపలా ఉన్న మార్టినెజ్ అనే పోలీసు అది కార్పెట్ అంచులు దూర్చే పనిముట్టని, తన మామ కార్పెట్లు వేసే పని చేసేవాడని చెబుతాడు. బ్యాట్‌మ్యాన్ కార్పెట్ చింపితే కింద అసలు ప్లాన్ ఉంటుంది. ప్రపంచంలోకెల్లా గొప్ప డిటెక్టివ్‌కు తెలియనిది ఒక మామూలు పోలీసుకు తెలుసు. ఆధారం అంటే అదీ. ఏ విలన్‌ను ఎంచుకున్నా, ముందే చూపించి తర్వాత అర్థమయ్యే అలాంటి వస్తువు ఒకటి కావాలి. హష్ విషయంలో ఆ వస్తువు ఏది?

పదమూడో అంతస్తు

గోతం గల్లీ బ్రో, నీ డౌట్ దగ్గర్నుంచే మొదలుపెడతా. టాలన్లు చచ్చి లేవక్కర్లేదు. ఆ ఒక్క పీస్ తీసేస్తే కోర్ట్ ఆఫ్ ఔల్స్ అంత నేలమీద నిలబడే విలన్ బ్యాట్‌మ్యాన్ కథల్లో ఇంకొకడు లేడు.

స్కాట్ స్నైడర్, గ్రెగ్ కపుల్లో 2011లో మొదలుపెట్టిన కథ ఇది. వందల ఏళ్లుగా గోతంను చాటునుంచి నడిపే పాత డబ్బున్న కుటుంబాలు. తెల్ల గుడ్లగూబ ముసుగులు వేసుకుంటారు. పిల్లలు పాడుకునే పద్యంలో తప్ప వాళ్లు ఎక్కడా లేరని ఊరంతా నమ్ముతుంది, బ్రూస్ కూడా. చిన్నప్పుడు అమ్మానాన్న చనిపోయాక తనే వాళ్లకోసం వెతికి, ఏమీ దొరక్క, లేరని తేల్చేసుకున్నాడు. తప్పుగా తేల్చుకున్నాడు. బ్రూస్ అహం మీద దెబ్బ అది.

వాళ్లు ఎక్కడ దాక్కున్నారన్నది చూడండి. అమెరికాలో చాలా భవనాల్లో 13 అశుభమని 12 తర్వాత నేరుగా 14 అని నంబర్ వేస్తారు. ఆ మూఢనమ్మకాన్ని వాడుకుని, 12కీ 14కీ మధ్య నిజంగానే ఒక రహస్య అంతస్తు కట్టించుకున్నారు. లిఫ్ట్‌లో బటన్ ఉండదు. ఆ భవనాలన్నీ బ్రూస్ ముత్తాతల్లో ఒకడైన అలన్ వేన్ పేరుమీదున్న ట్రస్ట్ కట్టించినవే. అంటే శత్రువు ఇల్లు తన ఇంటి గోడల్లోనే ఉంది. స్క్రీన్‌ప్లే డెస్క్ గారు వస్తువు అడిగారు కదా, ఇదిగో. మొదటి పది నిమిషాల్లో బ్రూస్ లిఫ్ట్ ఎక్కుతాడు, కెమెరా బటన్ల మీద ఒక సెకను ఆగుతుంది. 12, 14. ఎవరూ పట్టించుకోరు. రెండు గంటల తర్వాత బయటినుంచి కిటికీల వరుసలు లెక్కపెడితే ఒకటి ఎక్కువ వస్తుంది.

వరదతో లింక్? సముద్రపు గోడ పగిలితే నీళ్లు ముందు వెళ్లేది కిందికి. బేస్‌మెంట్లు, పాత సొరంగాలు, మూసేసిన సబ్‌వే. కామిక్స్‌లో కోర్ట్ భూగర్భ చిక్కుదారి, టాలన్లను దాచిన శవపేటికలు అన్నీ అక్కడే. నీళ్లు తోడే పంపులు పెట్టేసరికి గోడల వెనుక గోడలు బయటపడతాయి. ఊరిని తిరిగి కట్టడానికి వచ్చే కాంట్రాక్టులు ఎవరికి దక్కుతాయన్నది రెండో దారి. మొదటి భాగంలో థామస్ వేన్ వంద కోట్ల డాలర్ల రెన్యూవల్ ఫండ్‌ను అందరూ పంచుకు తిన్నారు. ఇప్పుడు కొత్త మేయర్ బెల్లా రియాల్ ముందు అంతకంటే పెద్ద పునర్నిర్మాణం ఉంది. పాత డబ్బు చేతులు ముడుచుకుని కూర్చుంటుందా?

ఇక ఐదో సంచిక. బ్రూస్ ఆ చిక్కుదారిలో చిక్కుకుని వారం దాటిపోతుంది. తిండి లేదు, నీళ్లలో మందు కలిపారు, బుర్ర తిరిగిపోతుంది. పేజీలు పక్కకు, తర్వాత తలకిందులుగా తిరుగుతాయి, మనమే పుస్తకం తిప్పుకుంటూ చదవాలి. పైన ఊళ్లో పోలీసు గోర్డన్ బ్యాట్ సిగ్నల్ వేసి ఎదురుచూస్తుంటాడు, ఎవరూ రారు. సినిమాలో బ్రూస్‌గా చేసిన ప్యాటిన్‌సన్ ఈ సీక్వెన్స్ చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మైనస్ 196

నేను మిస్టర్ ఫ్రీజ్ మనిషిని. ఆర్నాల్డ్ చేసిన 1997 సినిమా ఉంది కదా అంటారని తెలుసు. కానీ రీవ్స్ హింట్‌లో ఉన్నది "సరిగ్గా రాని" అన్న మాట. ఫ్రీజ్ అసలు పేరు విక్టర్ ఫ్రైస్, అతను 1997లో సరిగ్గా వచ్చాడని ఎవరూ అనలేరు. మనిషి 1992 యానిమేటెడ్ ఎపిసోడ్‌లో ఉన్నాడు. పాల్ డీనీ రాసి, బ్రూస్ టిమ్ డైరెక్ట్ చేసింది. 1959లో మిస్టర్ జీరోగా పుట్టిన మామూలు దొంగకు జబ్బుపడిన భార్య నోరాను ఇచ్చిందీ అదే.

ఐస్ గన్, పెద్ద సూటు రెండూ పక్కన పెట్టండి. అసలు సైన్స్ దానికంటే భయంకరంగా ఉంటుంది.

నోరా లాంటి జబ్బు మనిషిని చల్లగా నిలిపి ఉంచాలంటే ద్రవ నైట్రోజన్ కావాలి, మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. నిల్వచేసే పెద్ద ట్యాంకులు థర్మాస్ లాంటివి, కరెంట్ అక్కర్లేదు. కానీ నైట్రోజన్ కొద్దికొద్దిగా ఆవిరైపోతూనే ఉంటుంది కాబట్టి ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి. ఊళ్లో కరెంట్ పోతే నోరాకు ఏమీ కాదు. వరద వల్ల రోడ్లు మూసుకుపోయి ట్యాంకర్ లారీ రాకపోతే మాత్రం టైం మొదలైనట్టే. ఫ్రైస్ దొంగతనాలు ఎందుకు మొదలుపెట్టాడో ఒక్క షాట్‌లో చెప్పొచ్చు. ట్యాంక్ మీద లెవెల్ గేజ్, ముల్లు కిందికి దిగుతోంది.

ఇక హత్యలు. ఒక లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే గది ఉష్ణోగ్రతలో దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. మూసిన గదిలో ఆక్సిజన్‌ను తోసేస్తుంది. రంగు లేదు, వాసన లేదు. ఊపిరాడనట్టు కూడా అనిపించదు, ఎందుకంటే మనకు ఉక్కిరిబిక్కిరి అనిపించేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు. అది మామూలుగానే బయటికి పోతుంటుంది. అందుకే ల్యాబుల్లో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే అలారం మోగే సెన్సర్లు పెడతారు. కాబట్టి గోర్డన్, బ్యాట్‌మ్యాన్ గదిలోకి వచ్చేసరికి శవం మీద గాయం లేదు, విషం లేదు, తాళం లోపల్నుంచే వేసి ఉంది. తలుపు పిడి మీద మాత్రం తెల్లని మంచు పొర. ఇది రీవ్స్ సినిమా మొదటి సీన్ కాకపోతే ఇంకేమిటి?

పదమూడో అంతస్తు గారికి ఒక కానుక. మీ కోర్ట్‌కీ నా ఫ్రీజ్‌కీ కామిక్స్‌లోనే బంధుత్వం ఉంది. 2012లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ యాన్యువల్ మొదటి సంచికలో, టాలన్లను లేపే పద్ధతిలో ఫ్రీజ్ పరిశోధన కోర్ట్‌కు పనికొస్తుంది. చలి టాలన్ల బలహీనత కూడా. వాళ్లు ఇంటిమీద పడినప్పుడు బ్రూస్ గుహ ఉష్ణోగ్రత తగ్గించి వాళ్లను నెమ్మదింపజేస్తాడు.

గోతం గల్లీ

మైనస్ 196 గారు, ఆ తలుపు పిడి దగ్గర నేను ఆగిపోయాను. అయితే అందరికీ ఒక ప్రశ్న. కోర్ట్, ఫ్రీజ్ ఇద్దర్నీ పెడితే స్పైడర్‌మ్యాన్ 3 అయిపోదా? 2007లో 139 నిమిషాల్లో శాండ్‌మ్యాన్, వెనమ్, హ్యారీ ముగ్గుర్నీ కుక్కి ఎవరికీ న్యాయం చేయలేకపోయారు.

స్క్రీన్‌ప్లే డెస్క్

లెక్క విలన్ల సంఖ్యది కాదు. వాళ్ల మధ్య గొలుసు ఉందా లేదా అన్నదే.

2005 బ్యాట్‌మ్యాన్ బిగిన్స్‌లో ముగ్గురు విలన్లు, 140 నిమిషాలు. ఎక్కడా కిక్కిరిసినట్టు ఉండదు. ఎందుకు? ఫాల్కోన్ ఓడరేవులో మత్తుమందు దించుతాడు. అందులో కొంత భాగం రెండో విలన్, మానసిక వైద్యుడు క్రేన్‌కు వెళ్తుంది, దాంతో భయం పుట్టించే విషం తయారవుతుంది. దాన్ని వారాలుగా నీళ్ల పైపుల్లో కలుపుతారు. తాగితే ఏమీ కాదు, పీలిస్తేనే పనిచేస్తుంది. అందుకే నీటిని ఆవిరి చేసే మైక్రోవేవ్ యంత్రం దొంగిలించాల్సి వచ్చింది, దాని వెనుక రాజ్ అల్ గుల్ ఉన్నాడు. ఒకణ్ణి పట్టుకుంటే రెండోవాడు, రెండోవాణ్ణి పట్టుకుంటే మూడోవాడు. ప్రతి విలన్ ముందువాడి సమాధానం. హీరో ఒకే దారిలో నడుస్తున్నాడు.

2008లో డార్క్ నైట్‌ది వేరే పద్ధతి. టూ-ఫేస్‌ను జోకర్ తయారుచేస్తాడు. టూ-ఫేస్ అయ్యే హార్వీ ముఖం కాలేది సినిమా సగం దాటాక చాలాసేపటికి. అప్పటిదాకా అతను విలన్ కాదు, హీరో పందెం కాసిన మనిషి. అందుకే ఆ కొద్ది సమయం సరిపోయింది.

స్పైడర్‌మ్యాన్ 3లో ఈ రెండూ లేవు. ఆకాశంలోంచి రాయి పడింది, అందులోంచి నల్ల పదార్థం వచ్చింది, సరిగ్గా పీటర్ పార్కర్ బండి పక్కనే. శాండ్‌మ్యాన్ వేరే చోట వేరే ప్రమాదంలో పుట్టాడు. ఇద్దరూ చివర్లో సందులో కలిసి చేతులు కలుపుతారు. గొలుసు తెగిపోయిందంటే ఇదే.

ఇప్పుడు మీ కోర్ట్-ఫ్రీజ్ జోడీని ఆ తూకంలో వేయండి. ఫ్రైస్‌కు నైట్రోజన్, ల్యాబ్, డబ్బు ఇచ్చేది కోర్ట్. బదులుగా అతను వాళ్లకు అడ్డొచ్చినవాళ్లను ఆనవాలు లేకుండా చంపిపెడతాడు. బ్యాట్‌మ్యాన్ మంచు పొర వెంట వెళ్తే ఫ్రైస్ దొరుకుతాడు, ఫ్రైస్‌కు ట్యాంకర్ పంపిన కంపెనీ బిల్లుల వెంట వెళ్తే కోర్ట్ దొరుకుతుంది. గొలుసు నిలబడింది. నేను దీనికి ఒప్పుకుంటాను, ఒక్క షరతు మీద. ఫ్రైస్ కథ సినిమా మధ్యలోనే ముగియాలి. చివరి పోరాటంలో అతన్ని మళ్లీ తెస్తే జాలి, భయం రెండూ పలచబడతాయి.

కోర్ట్ మీద నా అసలు అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. మొదటి భాగం మూడు గంటలు పెట్టి ఎలుక, అంటే పోలీసులకు గుట్టు చెప్పిన ఇన్‌ఫార్మర్, ఎవరు అన్న ప్రశ్నకు ఫాల్కోన్ అని జవాబిచ్చింది. ఊరిని నడిపింది అతనే అని తేల్చింది. ఇప్పుడు ఫాల్కోన్ పైన ఇంకొకరున్నారంటే ఆ జవాబు విలువ తగ్గిపోతుంది. మూడో భాగంలో కోర్ట్ పైన కూడా ఇంకొకరుంటారా అని జనం అడుగుతారు.

పదమూడో అంతస్తు

కోర్ట్‌ను ఫాల్కోన్ పైన పెట్టొద్దు. పక్కన పెట్టండి. ఫాల్కోన్ వీధులు, క్లబ్బులు, పోలీసుల్ని కొన్నాడు. కోర్ట్‌కు వీధులతో పనిలేదు, భూమితో పని. ఎక్కడ వంతెన రావాలి, ఏ వాడ మునగాలి, సముద్రపు గోడ రిపేరుకు డబ్బు ఎందుకు రాలేదు, ఇవి వాళ్ల నిర్ణయాలు. ఫాల్కోన్‌కు వాళ్లున్నారని కూడా తెలియక్కర్లేదు. రిడ్లర్ ఫోరెన్సిక్ అకౌంటెంట్, రెన్యూవల్ ఫండ్ లెక్కలు మొత్తం చూశాడు. తనకు అర్థంకాని ఒక్క పద్దు గురించి ఆర్కమ్‌లోంచి బ్యాట్‌మ్యాన్‌కు చెబితే చాలు. పాత జవాబు తప్పు కాదు, లెక్కలో ఒక పేజీ మిగిలిపోయిందంతే.

ఆబిడ్స్ ఆదివారం

స్క్రీన్‌ప్లే డెస్క్ గారు హష్ మీద పెట్టిన రెండు అభ్యంతరాలకు జవాబిస్తాను, వదిలేస్తే హష్ ఓడిపోయినట్టే ఉంటుంది.

పగ రిపీట్ అవుతుందన్నారు. ఎడ్వర్డ్ ఎలియట్ కొడుక్కి తండ్రి మీద ప్రేమ ఉందని ఎవరు చెప్పారు? కామిక్స్ టామీ తండ్రిని తనే చంపాలనుకున్నాడు. సినిమాలో ఫాల్కోన్ ఆ పని చేసిపెట్టాడు. తండ్రి పోయాక వేన్‌ల అపరాధ భావం వల్లో, నోరు మూయించే డబ్బు వల్లో ఆ పిల్లాడు పెద్ద స్కూల్లో, పెద్ద మెడికల్ కాలేజీలో చదివాడనుకోండి. అప్పుడు వాడికి కావలసింది పగ తీర్చుకోవడం కాదు, బ్రూస్ స్థానం. 2008లో పాల్ డీనీ రాసిన హార్ట్ ఆఫ్ హష్‌లో టామీ తన ముఖాన్నే ఆపరేషన్ చేసుకుని బ్రూస్‌లా మార్చుకుంటాడు. రిడ్లర్ వేన్‌ల పేరు చెడగొట్టాలనుకున్నాడు, హష్ ఆ పేరు తొడుక్కోవాలనుకుంటాడు. రెండూ ఒకటి కాదు.

మొదటి భాగంలో ఇంకో లోటు కూడా దీంతో తీరుతుంది. ప్యాటిన్‌సన్ బ్రూస్‌కు బయటి బతుకే లేదు. రాత్రి గబ్బిలం, పగలు కళ్లచుట్టూ నల్లరంగుతో ఇంట్లో. సినిమా చివర్లో పగ కాదు, ఆశ కావాలని నేర్చుకున్నాడు కాబట్టి ఇప్పుడు బ్రూస్ వేన్‌గా కూడా బయటికి రావాలి. కొత్తగా బయటికొచ్చిన మనిషికి ఊళ్లో దొరికే మొదటి స్నేహితుడు టామీ. విందుల్లో పక్కన కూర్చోబెట్టుకుంటాడు, వరద బాధితుల ఆస్పత్రి నడుపుతుంటాడు, బ్రూస్ చేత చెక్కు రాయిస్తాడు. ప్రేక్షకుడికి అతని మీద అనుమానం వచ్చినా పర్లేదు, మిస్టరీ "ఎవరు" కాదు, "ఎంతవరకు తెలుసు" అవుతుంది.

వస్తువు అడిగారు. కంటి లెన్స్. ఆపరేషన్ తర్వాత ఇంటికొచ్చిన బ్రూస్ డబ్బీ తెరిస్తే ఒక కన్నుది ఉంది, రెండోది లేదు. పడిపోయినప్పుడు పోయిందనుకుంటాడు. మనమూ అలాగే అనుకుంటాం.

మట్టి ముఖం

క్లేఫేస్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మట్టి రాక్షసుడి సంగతి కాదు నేననేది. 1940లో డిటెక్టివ్ కామిక్స్ 40లో వచ్చిన మొదటి క్లేఫేస్ బేసిల్ కార్లోకు శక్తులే లేవు. పాత హారర్ సినిమాల నటుడు. తన సినిమాను మళ్లీ తీస్తుంటే ముసుగు వేసుకుని సెట్ మీద నటుల్ని కథలో చచ్చే వరుసలోనే చంపుతాడు. రీవ్స్ గోతంకు ఒక్క మార్పు కూడా అక్కర్లేదు.

అడ్డంకి ఒక్కటే. డీసీ స్టూడియోస్ వాళ్లు వేరే యూనివర్స్‌లో క్లేఫేస్ సినిమా విడిగా తీశారు. ఒకే పేరుతో ఇద్దరు విలన్లు ఏడాది తేడాతో వస్తే మామూలు ప్రేక్షకుడు తికమకపడతాడు, స్టూడియో ఒప్పుకోదు.

గోతం గల్లీ

జోకర్ మాట? ఆ పాత్ర చేసిన బ్యారీ కియోగన్‌ను అలా కూర్చోబెట్టి వదిలేస్తారా?

స్క్రీన్‌ప్లే డెస్క్

ఒక్క సీన్ చాలు. మొదటి భాగం నుంచి తీసేసి తర్వాత ఆన్‌లైన్‌లో విడుదల చేసిన ఆర్కమ్ సీన్ చూడండి. రిడ్లర్ ఫైల్‌తో బ్యాట్‌మ్యాన్ లోపలికి వెళ్తాడు. మసక గాజు అవతల జోకర్ ముఖం సరిగ్గా కనిపించదు. కాగితాలకున్న పేపర్ క్లిప్‌ను కూడా వదలడు. హంతకుణ్ణి వెతకడానికి వెళ్లిన బ్యాట్‌మ్యాన్ గురించే నాలుగు మాటలు చెప్పి పంపేస్తాడు. ఆ సీన్ బాగుండి కూడా తీసేశారంటే కారణం ఉంది. రిడ్లర్ ముఖాన్ని దాదాపు రెండు గంటలు దాచిన సినిమాలో, మధ్యలో ఇంకో పెద్ద ముఖం వస్తే చూపు అటు పోతుంది. రెండో భాగంలో కూడా అదే జాగ్రత్త అవసరం. పెంగ్విన్ కూడా అంతే. తనకు కొద్ది సీన్లే ఉన్నాయని పెంగ్విన్‌గా చేసే కాలిన్ ఫారెల్ చెప్పాడు. అది నాకు మంచి వార్తే. ఆజ్ ఇప్పుడు విలన్ కాదు, వాతావరణం. రేవు ఎవరిది, లారీలు ఎవరివి అంటే ఆయనవి. ఫ్రైస్‌కు ట్యాంకర్ కావాలన్నా, హష్‌కు ఆపరేషన్ సామాను దొంగదారిన కావాలన్నా ఆజ్ దగ్గరికే రావాలి.

ఆబిడ్స్ ఆదివారం గారి జవాబుతో నా మొదటి అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. స్థానం కావాలనుకునే హష్ రిడ్లర్ కాదు. కానీ హష్, కోర్ట్ ఇద్దర్నీ ఒకే సినిమాలో పెట్టొద్దు. ఇద్దరూ వేన్ కుటుంబ చరిత్రలోంచే వస్తారు. ఒకడు తండ్రి తప్పు, ఇంకొకరు ముత్తాత తప్పు. రెండు గుట్లు ఒకేసారి బయటపడితే ఏదీ బ్రూస్‌కు తగలదు. హష్ రెండో భాగానికి, కోర్ట్ మూడో భాగానికి అయితే నా ఓటు.

పదమూడో అంతస్తు

వరద రెండో భాగంలోనే ఉంది కాబట్టి కోర్ట్ కూడా రెండో భాగంలోనే రావాలి, మూడో భాగానికల్లా నీళ్లు ఆరిపోతాయి. దీనిమీద నేను తగ్గను.

ఇంకొకటి, ఫైట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మొదటి భాగంలో అందరూ మళ్లీ మళ్లీ చూసే ఫైట్ ఏది? చీకటి కారిడార్‌లో, తుపాకుల మంటల వెలుగులో మాత్రమే కనిపించేది. ప్రతి తూటాకూ ఒక్క క్షణం బ్యాట్‌మ్యాన్ మెరుస్తాడు, తూటాలు సూటుకు తగిలి పడిపోతాయి, ఆగకుండా నడుచుకుంటూ వస్తాడు. చీకటి అతనిది, వెలుగు శత్రువుది. టాలన్ తుపాకీ పట్టడు, కత్తులు విసురుతాడు. అదే కారిడార్‌లో టాలన్‌ను పెడితే మంట లేదు, చప్పుడు లేదు. తూటాను ఆపే కవచం పలకలు పలకలుగా ఉంటుంది, పలకల మధ్య మెడ దగ్గర, చంక కింద, మోకాలి వెనుక మెత్తటి గుడ్డే. కత్తికి కావలసింది ఆ సందే. ఈసారి చీకట్లో కనిపించనివాడు బ్యాట్‌మ్యాన్ కాదు, అవతలివాడు. కెమెరామన్ గ్రెయిగ్ ఫ్రేజర్ మొదటి భాగానికి కెమెరా పెట్టిన పద్ధతిలోనే, లైటు ఒక్కటి కూడా మార్చకుండా, అదే ఫైట్‌ను పూర్తిగా తిరగేయొచ్చు. హష్ చేతిలో సర్జరీ కత్తి ఉంది గానీ, ఈ సీన్ హష్‌తో రాదు.